క్లచ్ లేని బండి

పోయినవారం బ్రాన్ ట్రాంటర్‌ను మనం టిల్గా ఊరికి వచ్చే ఎర్రమట్టి రోడ్డు మీద వదిలేశాం. ఆమె పికప్ వెనక తాళ్ళతో కట్టిన మోటార్ సైకిల్ ఒకటి ఉంది. ఆమె తండ్రి క్లెమ్ ఏళ్ళ తరబడి గొర్రెల మందల వెనక తోలిన బండి అది. గొర్రెలు మేసే కంచె భూమి నడుమ అది ఆగిపోతే అక్కడే వదిలేసి, ఎండలో ఇంటిదాకా నడిచొచ్చి, ఒక్క ముక్క మాట్లాడకుండా రేడియో పక్కన కూర్చున్నాడాయన. బ్రాన్ వెళ్ళి దాన్ని ఎత్తుకొచ్చి గోర్డీ పెల్ షెడ్డులో పడేసింది. ఇదంతా ఊరందరికీ తెలిసిన సంగతి. ఊరికి తెలియనిది, తండ్రికి అసలే తెలియదని ఆమె అనుకుంటున్నది ఇంకొకటుంది. కోబార్ గనిలో ఉద్యోగానికి ఆమె సరేనంది.

ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి బ్రాన్‌కు. అందులో సగం కాలం తండ్రి పక్కనే, ఎవరి గొర్రెలనో ఎవరి కంచెలోంచో పోగుచేసి ఉన్ని కత్తిరించే షెడ్లకు తోలిపెట్టింది. ఆ పని మీద ఆమెకు కోపమేమీ లేదు. కానీ సాయంత్రం ఇంటికొస్తే మాట్లాడేందుకు ఒక తండ్రి, ఒక కుక్క. తల్లి పోయాక ఆ ఇంట్లో కబుర్లన్నీ వాన గురించే. కోబార్‌లో మనుషులున్నారు, నెల తిరిగితే జీతముంది, తనదంటూ ఒక గది ఉంది. తన కోసం తాను ఎంచుకున్న మొదటి పని అది. ఆ మాట తండ్రితో చెబుదామని నోరు తెరవడం, టీ పెట్టనా అని అడిగి మూసుకోవడం, కొన్నాళ్ళుగా ఇదే వరస. చివరికి తనతో తానే ఒక ఒప్పందానికి వచ్చింది. ముందు ఆయనకు సరైన బండి ఒకటి చూసిపెట్టాలి. ఒక్కడే మందను తోలుకున్నా ఇబ్బంది పెట్టని బండి. దాని మీద ఆయన్ని కూర్చోబెట్టి, ఆయన మొహంలోకి మళ్ళీ వెలుగొచ్చాక, అప్పుడు చెప్పాలి.

కాబట్టి ఆ శనివారం పొద్దున ఇద్దరూ గోర్డీ దగ్గరికి వచ్చారు. వెనక టింకర్. మనుషుల పెళ్ళిచూపులకు కుక్కలు రావు గానీ, ఆ ప్రాంతంలో బండి చూడబోతే కుక్క రాకుండా ఉండదు. రేపు ఆ బండి వెనక కూర్చోవలసింది అదే.

గోర్డీ అప్పటికే రేకుల నీడలో బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాడు. బొద్దుగా, ఎప్పుడూ నూనె చేతులతో ఉండే మనిషి. బండి అమ్మడం ఇష్టం, వచ్చినవాణ్ణి ఆటపట్టించడం అంతకంటే ఇష్టం. బండ్ల ముందు నేల మీద పాత ఉన్ని గోతం ఒకటి నాలుగు మడతలు వేసి పరిచి ఉంచాడు. దానికి ఊళ్ళో క్లెమ్ పరుపు అని పేరు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి. బండి కొనేవాళ్ళు మామూలుగా ట్యాంకు మీద మెరుపు చూస్తారు, కిక్కు కొట్టి చప్పుడు వింటారు, సీటు మీద కూర్చుని అద్దంలో తమను తాము చూసుకుంటారు. క్లెమ్ అలా కాదు. బండిని నేల మీద పడుకోబెడతాడు. తర్వాత తనే ఎత్తుతాడు. ఎత్తడం కుదిరితేనే మిగతా మాటలు. ఇసుకలో గొర్రెల వెనక పోతూ పడనివాడంటూ ఉండడు, పడ్డ బండిని ఎత్తిపెట్టడానికి ఆ కంచెల్లో ఇంకో మనిషి ఉండడు. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే తామూ పడుకోబెట్టి చూడడం మొదలుపెట్టారు. కొత్త రంగు గీరుకుపోతోందని లబోదిబోమన్న గోర్డీ ఆ గోతం తెచ్చి పరిచాడు.

"రా రా క్లెమ్. నీ పరుపు సిద్ధం. పిల్ల కూడా సిద్ధం," అన్నాడు గోర్డీ ఇసుక రంగు బండి ఒకదాని సీటు తడుతూ.

బ్రాన్‌కు అది చూడగానే నచ్చింది. మందలు తోలేవాళ్ళ కోసమే చేసిన బండి. ఏటవాలు నేల ఎటుంటే అటు నిలబెట్టుకునేలా రెండు వైపులా స్టాండు. తుప్పలు వేళ్ళను గీరకుండా హ్యాండిల్ ముందు అడ్డు. గొర్రె నడిచినంత నెమ్మదిగా పోయే ఫస్టు గేరు. సైలెన్సర్ చప్పుడు మెత్తగా, పిల్లతల్లి గొర్రెలు బెదిరి చెదిరిపోకుండా. పక్కనే పొడుగ్గా నీలం రంగుది ఇంకొకటుంది, కుర్రకారు ఎగబడి కొనేది. దాని వంక ఆమె చూడను కూడా లేదు. అలాంటిది స్టార్ట్ చేస్తే పక్క జిల్లా గొర్రెలు కూడా పారిపోతాయి.

"ఇది తీసుకో నాన్నా. పాతదానికి చెల్లెలు లాగుంది. నీకు అలవాటు పడేపనే లేదు."

"ఊఁ," అన్నాడు క్లెమ్. ఇసుక రంగు బండిని చూశాడు. ట్యాంకు మీద కుడి అరచెయ్యి ఆనించి, తీసేశాడు. నడుచుకుంటూ వరస చివరికి వెళ్ళి ఆగాడు. అక్కడ, రేకులకు ఆనించి, ఎర్రటి చిన్న బండ్లు ఉన్నాయి. సిడ్నీలో పోస్టాఫీసువాళ్ళు వాడి వాడి వేలం వేస్తే గోర్డీ కొనుక్కొచ్చినవి. ఉత్తరాల సంచి పెట్టుకునే క్యారియర్లు ఇంకా వాటి మీదే ఉన్నాయి.

"ఇదెలా పోతుంది?" అన్నాడు క్లెమ్.

గోర్డీ తన చెవులను తనే నమ్మలేదు. "అదా? ఇంటింటికీ పోతుంది. గేట్లో డబ్బా ఉంటే ఆగుతుంది. నీ గొర్రెలకేమన్నా ఉత్తరాలొచ్చాయా ఏంటి?"

"వచ్చినా చదవవు."

"ఒరేయ్, నిజంగా అడుగుతున్నావా?"

"నిజంగానే."

బ్రాన్ నవ్వింది, తండ్రి వేళాకోళం చేస్తున్నాడనుకుని. ఆయన నవ్వకపోయేసరికి ఆపేసింది. "నాన్నా, దాని చక్రాలు చూడు. ఇసుకలో దిగితే లేవదు. గుంట వస్తే నీ వెన్నుపూస గుంటలోనే ఉండిపోద్ది."

"మెల్లగా పోతా."

"నువ్వా? మెల్లగానా?"

"వయసొచ్చింది కదమ్మా."

క్లెమ్ ట్రాంటర్ నోట వయసు మాట ఆమె వినడం అదే మొదటిసారి. గోర్డీ కూడా ఆ మాటకు ఎగతాళి చేయలేదు. క్లెమ్‌కూ వాళ్ళిద్దరికీ నడుమ గోతం ఉత్తిగా పడి ఉంది. క్లెమ్ దానివైపు రాలేదు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, ఎర్ర బండి చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని పడుకోబెట్టేదేముంది, గాలొస్తే అదే పడుతుంది," అన్నాడు. టింకర్ మాత్రం ఒక్క గెంతులో ఉత్తరాల క్యారియరు మీదికెక్కి, అది తన కోసమే చేశారన్నట్టు కూర్చుంది.

బ్రాన్‌కు చిరాకేసింది. ఆమె చిన్నప్పుడు ఇలాంటి వరస ముందే నిలబడి, చిన్న పసుపు బండి కోసం ఏడ్చింది. పడుకోబెట్టి ఎత్తమన్నాడు తండ్రి. ఎత్తలేకపోయింది. ఎత్తలేనిది నీది కాదని చెప్పి, ఏడుస్తున్న పిల్లను అలాగే ఇంటికి తీసుకుపోయాడు. మరుసటి ఏడు ఎత్తింది, కొనిపెట్టాడు. బండి విషయంలో అంత మొండి మనిషి ఇవాళ గాలికి పడిపోయే బండిని ఎందుకు ఏరుకుంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు. పిసినారితనమా? చాదస్తమా?

"బ్రాన్, ఇలా లోపలికి రా. పాతదాని ముక్కలేం చెయ్యాలో చెప్పు," అన్నాడు గోర్డీ.

లోపల బల్ల మీద పాత బండి విడివిడిగా పడి ఉంది. గోర్డీ తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించగలడని కూడా ఆమెకు తెలియదు.

"ఇంజను బానే ఉంది. పోయింది గేర్‌బాక్సు."

అతను గుడ్డ మీద పెట్టిన గేర్ చక్రాలను ఆమె చేతిలోకి తీసుకుంది. పళ్ళన్నీ అరిగి, ముసలివాళ్ళ దవడల్లా గుండ్రంగా అయిపోయాయి. ఒకటి రెండు విరిగి ఊడిపోయాయి కూడా. చెప్పించుకోవలసిన అవసరం ఆమెకు లేదు. క్లచ్ పట్టకుండా గేర్లు మారిస్తే ఇలా అవుతుంది. ఒకరోజు, రెండు రోజులు మారిస్తే ఇంత కాదు.

"ఎవడు తోలాడు దీన్ని?" అంది కోపంగా.

"మీ నాన్న బండిని మీ నాన్న తప్ప ఎవరు తోల్తారు?"

"గోర్డీ, ఆయన గేరు మారిస్తే పక్కనున్నవాళ్ళకి కూడా తెలీదు."

"నాకు తెలీదా? వాడితో కలిసి తోలినోణ్ణి." అతను హ్యాండిల్ తీసి ఆమె ముందు పెట్టాడు. క్లచ్ లివర్‌కు తోలు పట్టీ ఒకటి ఉచ్చులా కట్టి ఉంది. "ఇదేంటో నీకు తెలుసా?"

తెలుసు. టింకర్ తాడు తగిలించుకోవడానికని తండ్రి చెప్పాడు. ఆమె నమ్మింది. ఇప్పుడు ఆ ఉచ్చులోకి తన చెయ్యి దూర్చింది. వేళ్ళకు చాలా పెద్దది. మణికట్టుకు సరిగ్గా సరిపోయింది. వేళ్ళతో లివర్ లాగలేనివాడు, మణికట్టు తగిలించి చెయ్యంతా వెనక్కి లాగితే క్లచ్ పడుతుంది. అదీ కుదరనప్పుడు పట్టకుండానే గేరు వేస్తాడు.

"నేనేం చెప్పలేదు," అన్నాడు గోర్డీ. "చూపించానంతే."

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆమెకు. సాస్ సీసా మూత తనను తియ్యమన్నది బద్ధకం వల్ల కాదు. పేకాట మానేసింది విసుగొచ్చి కాదు. జేబులో చెయ్యి పెట్టుకుని తిరగడం కొత్త దర్జా కాదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల ముందు తింటూ ఇన్నాళ్ళు తను ఏం చూసింది? ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ రెండిటికంటే ముందే ఆమెకు తట్టింది కోబార్. పోయింది, ఇక కోబార్ పోయింది అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆ అసహ్యంతోనే బయటికి వచ్చింది. అందుకే అంత కఠినంగా చేసింది కాబోలు. ఇసుక రంగు బండి హ్యాండిల్ పట్టుకుని నడిపించుకొచ్చి, గోతం మీద పడుకోబెట్టింది.

"ఎత్తు నాన్నా."

క్లెమ్ టింకర్ చెవి నిమురుతున్నాడు. "కొనేది అది కాదుగా."

"ఏదైనా ఒకటే. ఎత్తు."

"బ్రాన్."

"ఎత్తలేనిది నీది కాదు. నాకెవరు చెప్పారా మాట?"

గోర్డీ టీ పెడతానని గొణుగుతూ లోపలికి తప్పుకున్నాడు. క్లెమ్ కుక్క చెవి వదిలాడు. తర్వాత టోపీ సర్దుకుని వచ్చి, బండికి వీపు ఆనించి కూర్చుని, కుడి చెయ్యి సీటు కిందికి పోనిచ్చాడు. ఎడమ చెయ్యి జేబులోంచి తీసి హ్యాండిల్ మీద పెట్టాడు. కాళ్ళతో నేలను తన్ని లేవబోయాడు. బండి సగం లేచింది. హ్యాండిల్ మీది చెయ్యి ఒక మూటలా జారిపోయింది. బండి మళ్ళీ గోతం మీద పడింది. ఆయన రెండోసారి ప్రయత్నించలేదు.

బ్రాన్ వంగి, ఒక్క ఊపున దాన్ని లేపి నిలబెట్టింది. నిలబెట్టాక, అలా చేయకుండా ఉంటే బాగుండేదనిపించింది.

ఇద్దరూ పికప్ వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చున్నారు. టింకర్ వచ్చి ఇద్దరి మధ్యా దూరింది.

"ఎప్పట్నించి?"

"పోయిన చలికాలం."

"డాక్టరుకి చూపించావా?"

"డబ్బో ఊళ్ళో. నేను పన్ను పీకించుకోడానికెళ్ళానే, ఆ రోజు."

"పన్ను పీకించుకోలేదా?"

"లేదు."

"మరి వారమంతా సూప్ తాగావుగా."

"నువ్వు చేసి పెడుతుంటే కాదంటే ఏం బాగుంటుంది?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగేసింది. "ఏమన్నాడు?"

"మణికట్టులో నరమేదో నొక్కుకుందంట. చిన్న కోత కోస్తే సరిపోద్దన్నాడు. పెద్దాసుపత్రి వరసలో నా పేరు రాశారు. పిలుస్తారు." ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పక్కింటివాళ్ళ వస్తువును చూసినట్టు చూశాడు. "నొప్పేం లేదమ్మా. అదే చిత్రం. పట్టుకున్నాననే అనుకుంటా. వేళ్ళు మూసుకున్నాయనే అనిపిస్తుంది. దించి చూస్తే తెరుచుకునే ఉంటాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేదానివి?"

"నీ పక్కనే ఉండేదాన్ని."

"అందుకే చెప్పలేదు," అన్నాడు క్లెమ్. ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు వంక చూస్తూ అడిగాడు. "కోబార్‌లో గది చూసుకున్నావా?"

బ్రాన్ చప్పున ఆయన వైపు తిరిగింది.

"గని ఆఫీసోళ్ళు ఇంటికి ఫోన్ చేశారు. నువ్వు బయటున్నావు. నీ గురించి తెలిసినవాళ్ళెవరన్నా ఉన్నారా, పిల్ల నిక్కచ్చిగా పని చేస్తుందా అని అడిగారు. తెలిసినవాణ్ణే అని చెప్పా. తండ్రినని చెప్పలేదులే."

"ఏం చెప్పావు?"

"గేటు తీస్తే మళ్ళీ వేసి వెళ్తుందని చెప్పా."

ఆ వైపు మనుషులు ఒకరి గురించి ఒకరు అంతకు మించి పొగడరు. పెళ్ళిలోనూ చావులోనూ కూడా అంతే. బ్రాన్ మొహం అటు తిప్పుకుంది. ఇన్నాళ్ళూ తను దాచానని అనుకుంటున్న రహస్యానికి పూచీకత్తు ఇచ్చింది ఈయనే. ఈయన దాచింది మాత్రం తను కనిపెట్టి, పదిమంది తిరిగే చోట పరుపు మీద పడేసి ఎత్తమంది. తన జన్మలో అంత సిగ్గుపడ్డ రోజు లేదు.

"ఆ ఎర్రబండికి క్లచ్ లివరే లేదు, చూశావా?" క్లెమ్ గొంతు కాస్త హుషారుగా మారింది. "సిటీలో పోస్టువాళ్ళకి ఎడమ చెయ్యి ఖాళీ ఉండాలి, ఉత్తరాలు డబ్బాలో వెయ్యాలిగా. అందుకని క్లచ్ తనంతట తనే పడేలా చేశారు. ఎక్సలేటర్ కుడి చేతికి, బ్రేకులు కుడి చేతికీ కుడి కాలికీ. ఎడమ కాలితో గేర్లు. ఎడమ చెయ్యి ఊరికే పెట్టుకు కూర్చుంటే చాలు. గోర్డీ వీటిని తెచ్చాడని విన్నప్పట్నించీ ఇదే ఆలోచన. నా అంతట నేను పని చేసుకుంటే, నువ్వు నీ దారిన పోతావు. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు."

"ఊరంతా నవ్వుతారు నాన్నా."

"నవ్వనీ. ఎవడు నవ్వితే వాడికి నా మంద అప్పజెప్పి తోలమంటా."

బ్రాన్ దిగి ఎర్రబండి దగ్గరికి నడిచింది. ఈసారి దాన్ని తిట్టడానికి కాదు, చూడడానికి. బండిని ఎంచుకోవడమంటే దారిని బట్టి, పనిని బట్టి ఎంచుకోవడమని ఇంతకాలం అనుకుంది. ఇసుక ఎంత, రాయి ఎంత, మంద ఎంత అని చూసేది. తోలేవాడి ఒళ్ళు మారితే సరైన బండి కూడా మారుతుందని ఆమెకు తట్టనే లేదు. ఇప్పుడు చూస్తే ఇది నిజంగానే తీసిపారేసేది కాదు. కాలు పైకెత్తి దాటేయక్కర్లేదు, నడుమ సందులోంచి అడుగు వేసి కూర్చోవచ్చు. బరువు తక్కువ. చప్పుడు తక్కువ. పెట్రోలు వాసన చూపిస్తే పోయేలా ఉంది. టింకర్‌కైతే రాజసింహాసనం దొరికింది.

"గోర్డీ," అని పిలిచింది. "దీనికి ఇసుకలో పట్టు దొరికే బటన్ టైర్లు పడతాయా?"

తలుపు వెనకే నిలబడి ఉన్నాడేమో, గోర్డీ టీ కప్పులతో సహా వెంటనే ప్రత్యక్షమయ్యాడు. "పడతాయి. వెనక చైన్ చక్రం పెద్దది వేస్తే ఇసుకలో కూడా లాగుద్ది. హ్యాండిల్ ముందు అడ్డు ఒకటి కట్టిస్తా. పెట్రోలుకి పక్కన ఇంకో డబ్బా. రంగు మాత్రం మార్చను. వీణ్ణి దూరం నించే చూసి నవ్వుకోవాలి నేను."

ముగ్గురూ బండి చుట్టూ చేరి, టీ చల్లారేదాకా మాట్లాడుకున్నారు. ఎక్కడ ఏ బోల్టు, ఎక్కడ ఏ పట్టీ. క్లెమ్ గోతం దగ్గరికి ఎర్రబండిని తనే నడిపించుకొచ్చి, పడుకోబెట్టి, ఒంటి చేత్తో, తుంటి ఆనించి, లేపి నిలబెట్టాడు. గోర్డీ కప్పు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. బ్రాన్‌కు ప్రాణం లేచొచ్చింది. చెయ్యికి కోత కోస్తారు, బాగవుతుంది. అంతదాకా ఈ బండి ఉంది. కోబార్ ఎక్కడికీ పోలేదు. కిటికీ ఉన్న ఆ గది, సాయంత్రాల్లో మనుషుల గొంతులు, అన్నీ తిరిగొచ్చాయి. సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొస్తుంది. ఈ ఎర్రబండి మీద ఆయన్ని చూసి అందరికంటే ముందు తనే నవ్వుతుంది.

"ఒక చుట్టు తిరిగొస్తా," అన్నాడు క్లెమ్.

సీటు మీద కూర్చుని కుడి కాలితో కిక్కు కొట్టాడు. బండి బుద్ధిగా అందుకుంది. ప్యాంటుకు పల్లేరుకాయ అంటుకుందేమో, వంగి, కుడి చేత్తో ఎడమ మోకాలి దగ్గర బట్ట పట్టుకుని కాలు కాస్త లేపాడు. పాదాన్ని గేర్ రాడ్ మీద దించాడు. ఫస్టు గేరు పడిన చప్పుడు వినిపించింది. కుడి చెయ్యి తిరిగి హ్యాండిల్ మీదికి వెళ్ళింది. టింకర్ వెనక సర్దుకుంది. ఎర్ర బండి మీద ఎర్ర దుమ్ము రేపుకుంటూ గుర్రప్పందేల మైదానం వైపు వెళ్ళే రోడ్డెక్కారు ఇద్దరూ.

"వెధవ, పదేళ్ళు తగ్గినట్టున్నాడు," అన్నాడు గోర్డీ.

బ్రాన్ చిరునవ్వుతో వింటోంది. బండ్ల మధ్య పెరిగినవాళ్ళు బండిని కళ్ళతో చూడరు, చెవులతో చూస్తారు. చప్పుడు పెరిగింది. ఇప్పుడు సెకండ్ గేరు వేస్తాడు అనుకుంది. చప్పుడు ఇంకా పెరిగింది. ఇప్పుడు. అది ఎక్కడిదాకా పెరగాలో అక్కడిదాకా పెరిగి, అక్కడే ఆగిపోయి, ఏకధాటిగా కేకలు పెట్టడం మొదలెట్టింది. కోళ్ళఫారం దాటింది, పాత చర్చి దాటింది. గేరు మారలేదు. గోర్డీ కప్పు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. చివర మలుపు తిరిగింది. అదే కేక. తిరిగొస్తోంది. అదే ఫస్టు గేరు, అదే కేక, రోడ్డు పొడుగునా.

డాక్టరు చెయ్యి వరకే చూశాడు. చెయ్యి గురించే చెప్పాడు. ఇందాక బట్ట పట్టుకుని ఎడమ కాలు లేపింది పల్లేరుకాయ కోసం కాదు.

"కొత్త బండి కదా," అన్నాడు గోర్డీ, ఆమె వైపు చూడకుండా. "అలవాటు పడాలి."

క్లెమ్ షెడ్డు ముందుకొచ్చి ఆగి, బండి ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో ఇంజను చిటపటమని చల్లారడం వినిపించింది. ఆయన మొహం దుమ్ము కొట్టుకుపోయి, దాని నడుమ పళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన అలా నవ్వగా ఆమె చూసి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు కోసమే ఆమె ఇవాళ ఇక్కడికొచ్చింది.

"బాగుంది. కాస్త అరుస్తుంది గానీ, బాగుంది. ఇదే తీసుకుందాం. నువ్వింక సోమవారమే బయల్దేరు బ్రాన్, నా గురించి బెంగ పెట్టుకోకు."

ఆమె దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ పట్టుకుంది. అడగకుండా ఉంటే సోమవారం వెళ్ళిపోవచ్చు. అడగకుండా ఉండడం ఎంత తేలికో ఆమెకు ఆ క్షణంలో బాగా తెలిసింది. అయినా అడిగింది.

"నాన్నా, సెకండ్ గేరు వేశావా?"

"అదేం ప్రశ్న? వేశాగా," అన్నాడు క్లెమ్, ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ. "టాప్ దాకా వేశా."